పెన్నుతో రాసిన డ్యూటీ

మార్చి 3

చెల్లికి,

దీవెనలు. నువ్వూ, మరిదిగారూ, పిల్లా కులాసాగా ఉన్నారని నమ్ముతాను. ఫోన్ చెయ్యొచ్చుగా అని దెప్పుతావని తెలుసు. ఫోన్లో మనిద్దరం "ఊఁ, ఇంకేంటి సంగతులు" దగ్గరే ఆగిపోతాం. ట్రైనింగు హాస్టల్లో ఉన్నప్పటి నుంచీ కాగితం మీద పెడితేనే నాకు ఏ సంగతైనా తెములుతుంది.

ఇవాళ తల కొట్టేసినట్టయిందే నాకు. కొత్త డైరెక్టరుగారు పిలిచి, కూర్చోబెట్టి, "మేట్రన్ గారూ, అరవై మంది నర్సుల్లో ఏడాదిలో పదిహేడు మంది మానేశారు. ఎందుకంటారు?" అన్నారు. నేనేం తక్కువ తిన్నానా, రిజిస్టరు పట్టుకెళ్ళి ముందు పెట్టాను. ఆయన 'మానుకున్న కారణం' అనే గడి మీద వేలు పెట్టి కిందదాకా జార్చారు. పదిహేడు గళ్ళలోనూ ఒకటే మాట: 'కుటుంబ కారణాలు'. పదిహేడూ నా దస్తూరీయే. "అందరి కుటుంబాలకీ ఒకేసారి కష్టాలొచ్చాయన్నమాట" అని నవ్వారు. పక్కన నిలబడ్డ గుమాస్తా కూడా కిసుక్కుమన్నాడు. ముప్పై మూడేళ్ళ సర్వీసులో గుమాస్తా చేత నవ్వించుకోవడం ఇదే మొదలు.

నిజం చెప్పనా? నేనెప్పుడూ అడగలేదు. పిల్ల కాగితం తెచ్చి బల్ల మీద పెట్టి కళ్ళొత్తుకుంటుంది. "ఇంట్లో ఇబ్బందా?" అంటాను. తలూపుతుంది. రాసేస్తాను. కాదని తలూపే ధైర్యం ఎవరికుంటుందిలే.

ఇప్పుడు పైనుంచి 'సంతోష వారం' అని ఒకటి పెట్టారు. బట్టలు మార్చుకునే గదిలో బెలూన్లు కట్టారు. ఒక్కో నర్సుకీ ఒక కేకు ముక్క, నవ్వు మొహం బొమ్మ ఉన్న బ్యాడ్జీ. మర్నాడే ఇద్దరు మానేస్తామని కాగితాలిచ్చారు, బ్యాడ్జీలు పెట్టుకునే వచ్చి మరీ.

నీ వార్డులో ఆరేళ్ళుగా ఒక్కరూ మానలేదట కదా. ఏం మందు పెడుతున్నావే వాళ్ళకి? రెండు నెలల్లో నేను రిపోర్టు ఇవ్వాలి. వివరంగా రాయి. పాత రిజిస్టరు తిరగేస్తే నీ పేరూ కనబడింది. నీకూ 'కుటుంబ కారణాలు' అనే రాశాను. నీ విషయంలో మాత్రం అది నూటికి నూరుపాళ్ళూ నిజం. మరిదిగారికి బదిలీ అయిందాయె.

ఆశీస్సులతో
అక్క

మార్చి 14

మేట్రన్ అక్కకి,

నమస్కారాలు, దండాలు, ఇంకేమైనా మర్యాదలు మిగిలితే అవీను. గుమాస్తా నవ్వాడని చదివి నేనూ నవ్వాను, ఏమనుకోకు. నీ ఎదురుగా నవ్విన మనిషిని నేనింతవరకు చూడలేదు.

మందూ లేదు మంత్రమూ లేదక్కా. మాది పిల్లల వార్డు, పొద్దున్నుంచీ ఏడుపులే. ఇక నర్సులు కూడా ఏడుస్తుంటే ఎవర్ని ఎత్తుకోవాలి? నేను ఇన్‌చార్జి అయిన వారంలో అందరినీ ఒకటే అడిగాను, "మీకేం కావాలి?" అని. పెద్ద పెద్ద కోరికలు కోరతారని భయపడ్డాను. వీపు ఆనించుకోడానికి ఒక కుర్చీ అడిగారు, అంతే. మందుల గదిలో వేయించాను. దాని కాలు ఒకటి కుంటిది, మడిచిన అట్టముక్క పెట్టాం. ఆ కుర్చీ కోసం ఇప్పుడు వంతులు వేసుకుంటారు.

నెలకొకటి 'నా రోజు' అని ఉంది. ఎవరికి కావలసిన తారీఖు వాళ్ళు ముందే చెప్పుకుంటారు. ఎందుకని అడగకూడదు, అదే రూలు. ఒకావిడ తన రోజున పొద్దంతా పడుకుంది. ఇంకొకావిడ మొగుడికి డ్యూటీ అని చెప్పి సినిమాకి వెళ్ళింది. మనకెందుకు?

డ్యూటీ చార్టు పెన్సిల్‌తో రాస్తాను. దానికో రబ్బరు, కట్లు కట్టే గాజు గుడ్డ పేలికతో కట్టి ఉంటుంది. ఇద్దరు ఒప్పుకుంటే వాళ్ళే చెరుపుకుని మార్చుకుంటారు, నాకు చెబితే చాలు. మా దగ్గర ఎవరి పేరూ పెన్నుతో రాయం. అందరివీ పెన్సిలే.

మా వంటింటి కుళాయి మళ్ళీ కారుతోంది. మీ మరిది బాగుచేస్తానని విప్పారు, ఇప్పుడు రెండు చోట్ల కారుతోంది. పిల్లకి ఊడిన ముందు పళ్ళు మళ్ళీ వచ్చేశాయి, మాట తక్కువ, నవ్వు ఎక్కువ.

నీ చెల్లెలు

మార్చి 27

చెల్లికి,

దీవెనలు. నువ్వు రాసినట్టే పెన్సిళ్ళు తెప్పించి ప్రతి వార్డులోనూ కట్టించాను. డైరెక్టరుగారు మెచ్చుకున్నారు. నర్సు పిల్లలు మాత్రం వాటిని ముట్టుకోవడానికే భయపడుతున్నారు. ఒకామె "ఇది పరీక్షా అమ్మా?" అంది.

'నా రోజు' కూడా మొదలుపెట్టాను. మొదటి వారమే చిక్కొచ్చి పడింది. పిచ్చుక గుర్తుందా? నువ్వు మానేసే ముందు కొత్తగా చేరిన చిన్నపిల్ల, గబగబా నడుస్తుందని అందరూ పిచ్చుక అనేవారు. ఇప్పుడు సర్జికల్ వార్డుకి ఆవిడే దిక్కు. వచ్చే నెల ఇరవై తొమ్మిదిన తన రోజు కావాలంది. కూతురికి చెవి ఆపరేషనట, మన ఆసుపత్రిలోనే. ఆ రోజు వార్డులో మనుషులు లేరు. "ఆపరేషన్ ఇక్కడే కదమ్మా, పనుల మధ్యలో వెళ్ళి చూసిరా, ఎవరు వద్దన్నారు?" అన్నాను. తప్పా? మాట్లాడకుండా వెళ్ళిపోయింది. ఈ కాలం పిల్లలకి నోరు విప్పి చెప్పడం కూడా రాదు.

ఇకపోతే, ఆ పెన్ను మాట ఎందుకు రాశావో నాకు అర్థం కాలేదనుకోకు. పదకొండేళ్ళైనా మనసులో పెట్టుకున్నావన్నమాట. అప్పట్లో నేను ఇన్‌చార్జిని, నువ్వు నా కింద స్టాఫువి. అక్క చెల్లెలికి సుఖమైన డ్యూటీలు వేస్తోందని ఒక్కరన్నా అంటే నేను తలెత్తుకోగలనా? అందుకే అందరివీ పెన్సిల్‌తో రాసి, నీ ఒక్కదాని పేరు మాత్రం పెన్నుతో రాసేదాన్ని. నిన్ను ఎవరూ వేలెత్తి చూపకూడదని. అది నీ మీద ప్రేమ కాక మరేంటి?

అక్క

ఏప్రిల్ 5

అక్కా,

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నావు. నేను మా వార్డు సంగతి రాశాను, అంతే. నువ్వే తవ్వావు కాబట్టి రాస్తున్నాను. ఇది ఎప్పుడో రాయాల్సింది.

నాన్న పోయిన రోజు. పొద్దున్నే ఊరి నుంచి నాన్న టైలరు షాపు పక్కింటాయన వార్డుకి ఫోన్ చేశాడు, ఇక్కడి ఆసుపత్రిలో చేర్చాం, కూతుళ్ళిద్దర్నీ రమ్మంటున్నాడు అని. నువ్వు సంచీ సర్దుకున్నావు. నేనూ ఏప్రన్ విప్పాను. "నీకు డ్యూటీ ఉంది" అన్నావు. అప్పుడు పిచ్చుక ముందుకొచ్చి, "నేను చేస్తానమ్మా, చిన్న సిస్టర్ని పంపండి" అంది. చేరి నెల కాలేదు, నీ ఎదుట నోరు తెరిచింది ఆ పిల్ల. నువ్వు గోడ మీద చార్టు చూపించి ఏమన్నావో గుర్తుందా? "ఇంకు ఆరిపోయింది, ఇప్పుడు మార్చను" అన్నావు. నేను మళ్ళీ ఏప్రన్ కట్టుకున్నాను. అది నాన్న కుట్టిందే. కత్తెర జారిపోకుండా జేబు లోతుగా కుట్టాడు. ఆ రోజంతా ఆ జేబులో చెయ్యి పెట్టుకునే తిరిగాను.

సాయంత్రం ఫోన్లో చెప్పావు, అయిపోయిందని.

ఇంకొకటి కూడా రాస్తాను. మీ మరిదికి బదిలీ అయిందని నేను మానలేదు. నేను మానాలనే ఆయన బదిలీ అడిగారు. ఆ చార్టు ఉన్న గోడ ముందు నుంచి నడవడం నా వల్ల కాలేదు. రిజిస్టర్లో నువ్వేం రాసుకుంటావో నీ ఇష్టం.

చెల్లెలు

ఏప్రిల్ 12

చెల్లీ,

నీ ఉత్తరం అందింది. ఇన్నేళ్ళూ ఒక్క మాట అనకుండా ఇప్పుడు మొత్తం నా నెత్తిన దిమ్మరించావు. బదిలీ సంగతి కూడా నాకు చెప్పాల్సిన పని లేదనుకున్నారు మొగుడూ పెళ్ళాలు.

నువ్వు వచ్చి మాత్రం ఏం చేసేదానివి? అప్పుడే చెప్పాను కదా, నేను వెళ్ళేసరికే ఆయనకి స్పృహ లేదు. ఎవర్నీ గుర్తుపట్టలేదు. నిద్రలోనే పోయాడు. నువ్వున్నా లేకపోయినా తేడా ఏముంది?

పిచ్చుక కూడా కాగితం ఇచ్చింది. ఒక నెల గడువు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

అక్క

ఏప్రిల్ 22

అక్కకి,

నమస్కారం. పోయినసారి కోపంలో రాసేశాను. పోస్టు చేసి ఇంటికొచ్చాక నాలిక కరుచుకున్నాను. బదిలీ సంగతి దాచడం మా తప్పే.

నువ్వు చివర రాసిన మాటలు నాలుగైదుసార్లు చదివాను. ఎవర్నీ గుర్తుపట్టలేదు, నిద్రలోనే పోయాడు. అప్పుడూ ఇదే చెప్పావు. నీకు తెలియదేమో, ఆ మాట పట్టుకునే నేను ఇన్నేళ్ళూ లాక్కొచ్చాను. నా కోసం చూడలేదు కదా, చూసే స్థితిలో లేడు కదా అని. మా వార్డులో ఎవరికైనా పిల్లలు దక్కకపోతే, ఆ తల్లి బయటికి వెళ్ళిన ఐదు నిమిషాల్లోనే ప్రాణం పోతే, నేనూ అదే చెబుతాను, "వాడికి నొప్పి తెలియలేదమ్మా, నిద్రలోనే" అని. నిజమైనప్పుడే చెబుతాను. ఆ మాట విలువ నాకు తెలుసు కాబట్టి.

కాబట్టి నీ మీద నాకు కోపం ఎంత ఉందో, ఆ ఒక్క మాటకి రుణం కూడా అంతే ఉంది. రిపోర్టు ఎంతవరకు వచ్చింది? పిచ్చుకని బతిమాలు. పెద్దదానివి, బతిమాలితే అరిగిపోవు.

నీ చిన్నది

మే 9

చెల్లీ,

ఏమని దీవించను, నాకు మొహం చెల్లట్లేదు. ఈ ఉత్తరం ఆరుసార్లు మొదలుపెట్టాను. ప్రతిసారీ రిపోర్టు సంగతి రాయడం, చింపెయ్యడం. ఇప్పుడు కూడా ముందు ఆ సంగతే రాస్తాను. పిరికిదాన్ని, అసలు విషయానికి రావడానికి నాకు కాస్త దూరం కావాలి.

నీ ఉత్తరం చదివి స్నానాలగదిలో కుళాయి తిప్పి ఏడ్చాను. మర్నాడు పిచ్చుక దగ్గరికి వెళ్ళాను. "ఇరవై తొమ్మిదిన నీ డ్యూటీ నేను చేస్తాను, పిల్ల దగ్గరే ఉండు" అన్నాను. అది నన్ను ఎగాదిగా చూసి, "మీరా అమ్మా? ఇంకు ఆరిపోలేదా?" అంది. వెటకారం కాదే. నిజంగానే అడిగింది. ఆ మాట దానికీ పదకొండేళ్ళుగా గుర్తుంది.

ఇరవై తొమ్మిదిన వార్డులో ముప్పై మంది రోగులు, నేనూ, ఇంకో నర్సు పిల్లా. నరంలోకి మందు ఎక్కించే కొత్త పంపు మిషన్ పని చెయ్యించడం నాకు రాలేదు. కుయ్యోమని అరుస్తుంటే ఆ మంచం మీది ముసలాయనే మీట నొక్కి ఆపాడు, "పిచ్చుకమ్మ ఇలా నొక్కుతుంది" అంటూ. మధ్యాహ్నం మూడయ్యేసరికి కాళ్ళు వాచిపోయాయి. కూర్చుందామని చూస్తే వార్డంతా వెతికినా కుర్చీ లేదు. ఎనిమిదేళ్ళ కింద నేనే తీయించాను, నర్సులు కూర్చుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారని. దుప్పట్ల గదిలోకి వెళ్ళి బకెట్టు బోర్లించి కూర్చున్నాను. అక్కడ ఆ రెండో పిల్ల బీరువా చాటున నిలబడి అన్నం తింటోంది. నన్ను చూసి డబ్బా దాచేసుకుంది. దొంగతనం చేస్తూ పట్టుబడ్డట్టు దాచుకుంది. తినమ్మా అన్నాను. తినలేదు. నేనున్నంతసేపూ తినలేకపోయింది. నేనే లేచి బయటికొచ్చాను.

ఆ వారమంతా కూర్చుని ఆ పదిహేడు మందికీ ఫోన్లు చేశాను. పదకొండు మంది ఎత్తారు. ఒకామె, "మూడేళ్ళు నన్ను 'ఏయ్' అనే పిలిచారమ్మా, నా పేరు మీకు తెలుసా?" అంది. తెలియదు. రిజిస్టరు చూసి చెప్పాను. ఇంకొకామె వార్డు మార్చమని నాలుగుసార్లు అడిగిందట, నాలుగుసార్లూ 'చూద్దాం' అన్నానట. మరొకామె, "మీరు మంచివారే అమ్మా" అని ఫోన్ పెట్టేసింది. అందరి మాటలకంటే అదే ఎక్కువ గుచ్చుకుంది. ఇవన్నీ వాళ్ళ మాటల్లోనే రిపోర్టులో రాశాను. మొదటి కారణం మేట్రన్ అని రాశాను. డైరెక్టరుగారు చదివి, "ఇది మీరే రాశారా?" అన్నారు. ఔనన్నాను. ఈసారి నవ్వలేదు. ఏం చేస్తారో తెలియదు, చేసినా నాకు అభ్యంతరం లేదు.

పిచ్చుకని బతిమాలాను కూడా. "ఇప్పుడు మీరు మంచిగానే ఉన్నారమ్మా, నేనే అలిసిపోయాను" అంది. మొన్న వెళ్ళిపోయింది. కారణం గడి నేను రాయకుండా పుస్తకం దాని ముందు పెట్టాను. ఇలా రాసింది: 'అడిగిన రోజున ఒక్కసారీ సెలవు దొరకలేదు. దొరికేసరికి ఆలస్యమైంది.' పిల్లకి చెవి బాగానే వినబడుతోందట.

ఇక చెబుతాను.

నాన్నకి స్పృహ ఉంది. నేను పది గంటలకి వెళ్ళేసరికి దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "చిన్నది రాలేదా?" అన్నాడు. వస్తోందన్నాను. నర్సు దగ్గర ఫోన్ ఉంది. వార్డుకి ఒక్క మాట చెబితే పిచ్చుక నీ డ్యూటీ చేసేది, నువ్వు రెండింటికల్లా వచ్చేదానివి. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా. పొద్దున్న అందరి ముందూ మార్చనని చెప్పి, ఇప్పుడు చెల్లెల్ని ఎలా పిలవను, ఏమనుకుంటారు అని పెట్టేశాను. ఇదే నిజం. ఇంకే కారణమూ లేదు. మధ్యాహ్నం మళ్ళీ అడిగాడు. బస్సులో ఉంది నాన్నా అన్నాను. నాలుగున్నరకి మూడోసారి అడిగాడు. ఈసారి చెప్పడానికి నాకు అబద్ధం కూడా దొరకలేదు. నీళ్ళు తెస్తానని బయటికి వచ్చేశాను. తిరిగి వెళ్ళేసరికి తల గుమ్మం వైపు తిప్పుకుని ఉన్నాడు. పోయాడు.

నీకు ఎవర్నీ గుర్తుపట్టలేదని చెప్పాను. నిన్ను ఓదార్చడానికి అనుకున్నాను. కాదు, నన్ను కాపాడుకోడానికి. పోయిన నెల మళ్ళీ అదే రాశాను, సిగ్గు లేకుండా, నీ మీద కోపంతో. దానికి నువ్వు రుణపడ్డానని రాశావు. చెల్లీ, ఆ మాట చదివాక నా అంత సిగ్గుమాలిన మనిషి ఉండదనిపించింది. పిల్లలు పోయిన తల్లులకి నువ్వు నిజమైనప్పుడే చెబుతానన్నావు. నేను నా తోడబుట్టినదానికి అబద్ధం చెప్పాను.

పాత రిజిస్టర్లో నీ గడిలో 'కుటుంబ కారణాలు' కొట్టేశాను. ఖాళీగా ఉంచాను. క్షమించమని అడిగే హక్కు నాకు లేదు.

అక్క

జూన్ 2

అక్కా,

నీ ఉత్తరం వచ్చి ఎన్నాళ్ళైందో లెక్కపెట్టుకునే ఉంటావు. మొదటి వారం మీ మరిదికి కూడా చూపించలేదు. పప్పుల డబ్బాలో పెట్టి మూత బిగించాను. తర్వాత ఆయన పప్పు కోసం తీసి చదివేశారు.

క్షమించానని రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను, చెయ్యి కదల్లేదు. కాబట్టి రాయను. నీ మీద ఒళ్ళు మండిపోతోంది. నాలుగున్నర వరకు ఉన్నాడు. నేను రెండింటికి వచ్చేదాన్ని. ఈ లెక్క కుక్కర్ పెట్టినప్పుడూ, పిల్లకి జడ వేసినప్పుడూ తిరుగుతూనే ఉంది.

ఇంకోటి కూడా చెబుతాను, ఇది నీకెప్పుడూ రాయలేదు. ఎవర్నీ గుర్తుపట్టలేదంటే నన్నూ తలుచుకోలేదనేగా అర్థం. ఆ మాట నన్ను నిలబెట్టిందన్నది నిజమే, లోపల ముల్లులా ఉందన్నదీ నిజమే. ఇప్పుడు మూడుసార్లు అడిగాడని తెలిసింది. మూడుసార్లు. ఏడుపు వస్తోంది. కొంచెం గర్వంగా కూడా ఉంది. ఈ రెండూ కలిసి ఎలా వస్తాయో నాకు తెలియదు.

నువ్వు కావాలంటే దాచేసుకోగలిగేదానివి. నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. దాచలేదు, అదొక్కటే నీ తరఫున మాట్లాడుతోంది. మిగతావన్నీ నీకు ఎదురే.

నాకు నాన్న గడిపిన ఆ రోజు మొత్తం కావాలి. పదింటి నుంచి నాలుగున్నర దాకా. ఏ చొక్కా వేసుకున్నాడు, ఏమైనా తిన్నాడా, 'చిన్నది' అన్నప్పుడు గొంతు ఎలా ఉంది, అన్నీ. ఉత్తరంలో రాయకు. నా ఎదురుగా కూర్చుని చెప్పు. నేను మధ్యలో అరుస్తాను, లేచి వెళ్ళిపోతానేమో కూడా. నువ్వు మాత్రం నీళ్ళు తెస్తానని బయటికి వెళ్ళకు.

ఈ నెల పందొమ్మిది 'నా రోజు' తీసుకున్నాను. మా వార్డులో ఎవరూ ఎందుకని అడగలేదు. చార్టులో నా పేరు చెరిపేసి పక్కావిడ తన పేరు రాసుకుంది, అంతే. పొద్దున బస్సుకి బయలుదేరి పదింటికల్లా నీ దగ్గరుంటాను.

ఆ రోజు నువ్వు డ్యూటీ పెట్టుకోకు. చార్టులో నీ పేరు ఎదురుగా సెలవు అని రాసుకో. పెన్నుతో రాయి.

చిన్నది